అందని గడియ

కిందటి వారం గొంతమ్మను మనం డబ్బింగ్ గదిలో వదిలాం. చెవులకున్న హెడ్‌ఫోన్స్ పీకి మైకు స్టాండుకు తగిలించి, తెర మీద ఆగిపోయిన బొమ్మను గుడ్లప్పగించి చూస్తూ నిలబడి ఉంది.

ఆమె అసలు పేరుతో ఆ స్టూడియోలో ఎవరికీ పనిలేదు. తెర మీద ఏ హీరోయిన్ ఏడ్చినా ఆ ఏడుపు ఈమెది, ఏ హీరోయిన్ నవ్వినా ఆ నవ్వు ఈమెది. అందుకని అందరికీ గొంతమ్మ. ఈసారి వచ్చిన పని ఇంకా పేరు పెట్టని ఒక సినిమా. ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక సామాన్ల గది, బయట గడియ పడిన ఆ గదిలో ఆయాసం వచ్చి ఊపిరాడక పోయిన ఒక పసివాడు. గడియ పెట్టింది ఎవరన్నది సినిమా చివరిదాకా తేలదు. ఆ పసివాడి తల్లికి గొంతు ఇవ్వాలి. కథ విన్నప్పుడే గొంతమ్మ వద్దనబోయింది. ఆమె తమ్ముడు అలాంటి గదిలోనే, అలాగే పోయాడు. తన ఆరేళ్ల వయసులో, ఆటలో ఆ గడియ పెట్టి మరిచిపోయింది తానేనని ఇంట్లో చెప్పగా విని పెరిగింది. అయినా లోకంలో ఎన్ని ఇళ్లు లేవు, ఎన్ని గదులు లేవు అని సర్దిచెప్పుకుని పని ఒప్పుకుంది. తీరా మైకు ముందు నిలబడ్డాక, మూసిన తలుపుకు ఇవతలి నుంచి ఆ తల్లి అనే మాట ఒకటి కంటబడింది.

"ఏడిస్తే ఏడువ్. నా చెవులు ఇవాళ ఊరెళ్లాయి."

ఆ మాట ఏ సినిమాలోనూ ఏ తల్లీ అనదు. గొంతమ్మ తల్లి అనేది. పిల్లలు మారాం చేసినప్పుడల్లా, చేస్తున్న పని ఆపకుండా, తల తిప్పకుండా అనేది.

"ఏమైంది మేడమ్? ఇంకొక్క టేక్. మాట చివర కొంచెం విసుగు కావాలి, అంతే." గాజు తెర అవతలి నుంచి డైరెక్టర్ గొంతు స్పీకర్లోంచి వచ్చింది.

గొంతమ్మ బరువైన తలుపు తోసుకుని, అతను కూర్చున్న గదిలోకే నడిచింది. అక్కడ కన్సోల్ ముందు ఎప్పటిలాగే సౌండ్ ఇంజినీరు ఉన్నాడు. సూది ఎగిరిపడే మీటర్ల మీదనుంచి చూపు తిప్పడని అతన్ని అందరూ మీటరు అంటారు. పక్క కుర్చీలో టోపీ పెట్టుకున్న డైరెక్టర్. మనిషి కుర్రాడే. మొదటి సినిమాకే నాలుగు చోట్ల బహుమతులు కొట్టాడని పేరు.

"ఈ మాట ఎవరు రాశారు?"

"నేనే మేడమ్. బాగా కుదిరింది కదా?"

"రాశారా, విన్నారా?"

డైరెక్టర్ నవ్వబోయాడు. "రాసేవాళ్లం కదా మేడమ్, అక్కడా ఇక్కడా చెవిన పడుతుంటాయి..."

"అక్కడంటే ఎక్కడ? ఇక్కడంటే ఎక్కడ?"

"ముందు ఈ సీను పూర్తి చేద్దాం. తర్వాత టీ తాగుతూ తీరిగ్గా..."

"నాకు టీ వద్దు, తీరికా వద్దు. ఈ మాట మా ఇంటి గోడలు దాటి బయటికి రావడానికి వీల్లేదు. అది అనే మనిషి పోయి చాలా కాలమైంది. విన్నవాళ్లలో ఒకడు తెలుగు అక్షరం దిద్దకుండానే పోయాడు. ఇక మిగిలింది నేనూ, మా నాన్న. మా నాన్న మీకు చెప్పి ఉండడు. ఎవరు చెప్పారు?"

డైరెక్టర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పటిదాకా అతని నుదురు ఎవరూ చూసినట్టు లేదు. నుదుటి మీద జుట్టు రెండుగా చీలి, ఒక పాయ పైకి లేచి ఉంది. గొంతమ్మ రోజూ అద్దంలో నూనె రాసి అణిచిపెట్టుకునే పాయ లాంటిదే.

"మా అమ్మ అంటుంటుంది," అన్నాడు.

"మీ అమ్మకెక్కడిది ఆ మాట?"

"వాళ్లమ్మ నుంచి వచ్చింది. మా అమ్మా మీ అమ్మా ఒక తల్లి పిల్లలు, అక్కా."

మీటరు కుర్చీ కీచుమంది.

గొంతమ్మకు పిన్ని లీలగా గుర్తుంది. తమ ఇంట్లోనే ఉండి చదువుకునేది. పొద్దున్నే తనకు రెండు జడలు వేసేది, గట్టిగా లాగి. తమ్ముడు పోయిన కొద్ది రోజులకే పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. "పిన్ని మనల్ని కాదనుకుంది. ఆ పేరు ఇంకెప్పుడూ ఎత్తకు," అన్నాడు తండ్రి. ఆమె ఎత్తలేదు. చెప్పిన మాట వినే పిల్ల. తప్పు చేసిన పిల్ల మాట వినకపోతే ఎలా?

"అంటే ఇది మా ఇంటి కథ," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "నా తమ్ముడి చావు. నువ్వు మా పిన్ని కొడుకువి. ఇన్ని రోజులుగా మేడమ్, మేడమ్ అంటూ నా ఎదురుగా కూర్చుని, మా అమ్మ మాటలు నాచేత అనిపిస్తున్నావు."

"నిన్ను బాధపెట్టాలని కాదక్కా. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఎదురుపడి చెప్పే ధైర్యం లేకపోయింది. సినిమాగా చూస్తే నీకే అర్థమవుతుందని..."

"ఏం అర్థమవుతుంది? నీ సినిమాలో చివరిదాకా ఏదీ అర్థం కాకూడదనే కదా నీ గొప్ప! మొన్న ఎవరో విలేకరి వస్తే చెప్పావు, నేను విన్నాను. గడియ ఎవరు పెట్టారో ప్రేక్షకుడే తేల్చుకోవాలని."

"అవును, కానీ..."

"ప్రేక్షకుడు తేల్చుకోకపోయినా ఏమీ కాదు. మెట్లు దిగుతూ కాసేపు వాదించుకుని, బండి తీసుకుని ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. నేను ఏ ఇంటికెళ్లాలి?"

డైరెక్టర్ తల వంచుకున్నాడు. గొంతమ్మ తెర వైపు తిరిగింది. "ఆ గడియ సీను మళ్లీ వెయ్యి మీటరూ. మొదటినుంచి."

మీటరు డైరెక్టర్ వంక కూడా చూడకుండా మీట నొక్కాడు.

తెర మీద అదే తలుపు మూడుసార్లు వచ్చింది. ఒకసారి గాజుల చెయ్యి గడియ పెడుతుంది. ఒకసారి గడియారం కట్టిన మగ చెయ్యి పెడుతుంది. ఒకసారి చిన్నపిల్ల పెడుతుంది. ఆ పిల్ల ముందు ఒక స్టూలు లాక్కొచ్చుకుని, దాని మీదెక్కి, మునివేళ్ల మీద లేచి, నాలుక బయటపెట్టి కష్టపడి గడియ తోస్తుంది. గడియ తలుపుకు బాగా పైన, పెద్దవాళ్ల తల ఎత్తులో ఉంది.

"ఆపు," అంది గొంతమ్మ. "ఆ స్టూలు ఎక్కడిది?"

డైరెక్టర్ ఒళ్లోని టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"అడుగుతున్నది నిన్నే. స్టూలు ఎందుకు పెట్టావు?"

"పాపకు అందలేదక్కా. అమ్మ ఎలా చెప్పిందో అలాగే తలుపు చేయించాం. మీ నాన్నగారు మందుల షాపు స్టాకు ఆ గదిలో పెట్టేవారట కదా. పిల్లలు తలుపు తీసి మందులు నోట్లో పెట్టుకుంటారేమోనని గడియ కావాలనే పైన బిగించారట. షూటింగ్ రోజు పాపను నిలబెడితే చెయ్యి సగానికి కూడా పోలేదు. ఎగిరినా అందలేదు. ఏం చెయ్యాలో తోచక స్టూలు తెప్పించాను."

గది చల్లగా ఉంది. ఏసీ గాలి నేరుగా గొంతమ్మ మెడ మీద కొడుతోంది. ఆమె తన కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. ఆ ఇనుప గడియ చల్లదనం ఈ చేతికి గుర్తుంది. తోస్తే అది కిర్రుమన్న చప్పుడు గుర్తుంది. గుర్తుందనే అనుకుంటూ ఇంతకాలం బతికింది. చెప్పగా చెప్పగా చేతికి కూడా గుర్తులు పుట్టుకొస్తాయా?

"ఆ పాప వయసెంత?"

"ఆరేళ్లు."

"అంటే నీకు తెలుసు."

"అక్కా..."

"షూటింగ్ రోజు నుంచి నీకు తెలుసు. నేను పెట్టలేదని, నేను పెట్టడానికి వీల్లేదని నీకు తెలుసు. తెలిసి స్టూలు తెప్పించావు! నీ సినిమాలో అనుమానం నిలబడటానికి నా కాళ్ల కింద స్టూలు వేశావు!"

"నాకు తెలిసింది నువ్వు కాదని మాత్రమే. ఎవరన్నది నాకూ తెలియదక్కా, ఒట్టు. అమ్మను అడిగితే ఒకసారి ఒకలా చెబుతుంది. మీ అమ్మ అంటుంది, ఇంకోసారి మీ నాన్న అంటుంది. గట్టిగా అడిగితే ఏడుస్తుంది. అందుకే నేనూ తేల్చలేదు."

"నేను కాదు అన్న ఒక్క ముక్క నాకు చాలదట్రా?" గొంతమ్మ అరిచింది. కన్సోల్ మీద సూదులన్నీ ఒక్కసారి ఎగిరి పడ్డాయి. "నా బతుక్కి ఆ ఒక్క ముక్క సరిపోయేది కదా! ఫోన్ చేసి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? పక్కింటివాళ్లు పసిపిల్లను అందిస్తే నేను ఎత్తుకోను, తెలుసా? చేతులు కడుక్కోలేదనో, జలుబనో వంక చెబుతాను. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అందరూ అడుగుతారు. పిల్లలు పుడతారని చేసుకోలేదు. ఈ చేతులంటే నాకు భయం. నువ్వు అదంతా తెర మీద పెట్టి, మ్యూజిక్ వేసి, చివర్లో ఒక ప్రశ్న గుర్తు పెట్టుకున్నావు."

అంతలో ఆమె చూపు కన్సోల్ మీద వెలుగుతున్న ఎర్ర దీపం మీద పడింది.

"ఇది ఇంకా రికార్డవుతోందా?"

మీటరు నీళ్లు నమిలాడు. "మీరు ఆ మాట చదివి ఆగిపోయారు కదమ్మా... అక్కడ ఎంతసేపు ఆగినా రికార్డింగ్ ఆపొద్దని సార్ ముందే చెప్పారు. లోపలి మైకులు, ఈ మైకు, అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి."

గొంతమ్మ డైరెక్టర్ వంక చూసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తాను ఆ మాట చదివినప్పుడు ఏమవుతుందో అతనికి ముందే తెలుసు. దాని కోసమే కాచుకుని కూర్చున్నాడు. ఊపిరి ఎక్కడ తెగుతుందో, గొంతు ఎక్కడ పగులుతుందో, అది అతనికి కావాలి. నటిస్తే రానిది, నిజంగా గాయం రేపితే వచ్చేది.

"చెరిపెయ్," అంది మీటరుతో.

"ఒక్క నిమిషం," డైరెక్టర్ లేచాడు. "అక్కా, ఆవేశంలో... ఆ టేక్ మళ్లీ రాదు."

"చెరిపేశానమ్మా," అన్నాడు మీటరు. అతని వేలు అప్పటికే మీట మీదనుంచి లేచింది. "ఇవాళ్టిదీ, మొన్నటిదీ, మీ గొంతున్న ప్రతి ముక్కా."

"నీకేమైనా పిచ్చా!" డైరెక్టర్ కన్సోల్ మీదికి వంగాడు. వంగి, గొంతమ్మ మొహం చూసి, మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. సన్నగా అన్నాడు, "అమ్మతో ఒకసారి మాట్లాడక్కా. నంబరు పంపిస్తాను. నీతో అయితే నిజం చెబుతుందేమో."

"పంపించు. కానీ ముందు మాట్లాడాల్సింది మా నాన్నతో."

గొంతమ్మ సంచి తీసుకుని బయటపడింది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదురు సీట్లో ఒక తల్లి ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు. గొంతమ్మ అలవాటుగా చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు. ఎందుకు తిప్పుకోవాలి అనుకుంది. దిగేదాకా ఆ పిల్లవాణ్నే చూస్తూ కూర్చుంది. జాలి వెయ్యలేదు, ఏడుపు రాలేదు. ఇంతకాలం కోపం తన మీద తనకే ఉండేది. ఇవాళ అది చిరునామా మార్చుకుంది.

ఇంట్లో తండ్రి ముందు గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. షాపు అమ్మేసి, కూతురి దగ్గరికి వచ్చి చాలా ఏళ్లయినా, ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా, రోజూ మధ్యాహ్నం ఒక చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుంటాడు. చుట్టుపక్కల అందరికీ ఆయనంటే గౌరవం. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

"పెందలాడే వచ్చేశావేం అమ్మడూ? గొంతు పట్టేసిందా? మిరియాల పాలు కాచనా?"

గొంతమ్మ చెప్పులు కూడా విప్పలేదు. "సామాన్ల గది గడియ ఎక్కడుండేది నాన్నా?"

కాలరు మీద నీళ్లు చిలకరిస్తున్న చెయ్యి ఆగలేదు. "ఏ సామాన్ల గది?"

"మనకు ఎన్ని ఉండేవి?"

"అదా. అమ్మేసిన ఇల్లు. ఇప్పుడెవరికి గుర్తు?"

"నాకు గుర్తుండాలి కదా. మీరు మరిచిపోనివ్వలేదు కదా. ఏటా వాడు పోయిన రోజున నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తల మీద చెయ్యి వేసి, నేను నిన్ను ఎప్పుడో క్షమించేశానమ్మడూ అనేవారు కదా. అప్పుడు గుర్తున్నది ఇప్పుడు గుర్తులేదా? గడియ తలుపుకు పైన ఉండేది. మీరే అక్కడ బిగించారు. పిల్లల చేతికి అందకూడదని. అవునా, కాదా?"

ఆయన ఇస్త్రీపెట్టెను జాగ్రత్తగా నిలబెట్టాడు.

"ఎవరు చెప్పారు?"

కాదనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. గొంతమ్మకు కాళ్ల కింద నేల గట్టిపడింది. బస్సులో వస్తున్నంతసేపూ ఎక్కడో ఒక మూల చిన్న ఆశ ఉండింది, తండ్రి ఈ మాటకు నవ్వేసి, పిచ్చిదానా, గడియ కిందే ఉండేది అంటాడేమోనని. తప్పు తనదే అయినా పరవాలేదు, తండ్రి మాత్రం అబద్ధం ఆడి ఉండకూడదని. ఆ ఆశ కాస్తా పోయింది.

"ఎవరు చెబితే ఏం? నాకు ఆరేళ్లు. నా చెయ్యి ఎలా అందింది?"

"అట్టపెట్టెల మీద ఎక్కావు. షాపుకొచ్చిన మందుల పెట్టెలు తలుపు దగ్గర ఉండేవి. పోలీసులకూ అదే చెప్పాం. వాళ్లు చూసి రాసుకున్నారు కూడా."

"పెట్టెలు తలుపు దగ్గర ఎందుకుంటాయి? గదిలో పెట్టడానికే కదా గది?"

ఆయన సగం ఇస్త్రీ అయిన చొక్కా చేతుల్లోకి తీసుకున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు, తొడుక్కోకుండానే.

"నాన్నా."

"నేనే జరిపాను," అన్నాడు. "తర్వాత."

గొంతమ్మ గోడకు ఆనుకుంది.

"ఎవరో ఒకరు గడియ పెట్టి ఉండాలి కదమ్మా. పోలీసులు అడిగారు. పెద్దవాళ్ల పేరు చెబితే జైలు. ఇల్లు వీధిన పడేది. చిన్నపిల్లను ఎవరేం చేస్తారు? కేసు ఉండదు, శిక్ష ఉండదు. అయ్యో పాపం అంటారు, నాలుగు రోజులకు మరిచిపోతారు. బాగా ఆలోచించే చేశాను."

"ఎవరు మరిచిపోయారు? నువ్వు మరిచిపోనిచ్చావా?"

ఆ నువ్వు ఇద్దరికీ వినబడింది. పుట్టాక ఆమె తండ్రిని నువ్వు అనడం అదే మొదలు. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.

"శిక్ష ఉండదా? నాకు ఏం శిక్ష పడిందో నీ కళ్లెదుటే కదా చూస్తూ కూర్చున్నావు! అమ్మ నన్ను మళ్లీ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. అన్నం పెట్టేది, గౌన్లు కుట్టేది, జ్వరం వస్తే రాత్రంతా మేలుకునేది. కానీ నేను దగ్గరికి జరిగితే ఒళ్లు బిగుసుకునేది. అమ్మకైనా నిజం చెప్పావా?"

"చెప్పలేదు. ఆ పూట మీ అమ్మ ఊళ్లో లేదు. వచ్చాక అందరికీ చెప్పిందే తనకూ చెప్పాను."

"పోయేదాకా?"

ఆయన తల ఊపాడు.

గొంతమ్మకు ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. చివరి రోజుల్లో తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, లెక్కపెడుతున్నట్టు వేళ్లు ఒక్కొక్కటే తడుముతూ, "చిన్న చెయ్యి, దానికేం తెలుసు," అంది. క్షమించానని చెప్పడానికి ఆ తల్లికి అంతకాలం పట్టింది. క్షమించడానికి అక్కడ ఏమీ లేదు.

"నన్ను క్షమించావా నువ్వు!" గొంతమ్మ ఒక్కో మాటా నమిలినట్టు అంది. "పెట్టెలు జరిపిన చేత్తోనే నా తల నిమిరి క్షమించావా! ఏటా నేను నీ కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే, ఇంత మంచి తండ్రి ఎవరికుంటాడని లోలోపల దండాలు పెట్టుకున్నాను. ఒక్క ఏడాదైనా నీకు సిగ్గేసిందా?"

"అమ్మడూ, మెల్లగా. పక్కింట్లోకి వినబడుతుంది."

"వినబడనీ! ఈ గొంతు ఊరికే రాలేదు. ఎవరెవరి ఏడుపులో ఏడ్చి పెంచుకున్న గొంతు. నా ఏడుపు నేను ఏడవడానికి నీ పర్మిషన్ కావాలా? చెప్పు. ఎవరి కోసం నన్ను అమ్మేశావు? గడియ ఎవరు పెట్టారు?"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా ఒళ్లో పెట్టుకుని, ముడతలు అరచేత్తో సాపు చేస్తూ చెప్పాడు.

"మీ పిన్ని. వాడు గోల చేస్తుంటే చదువుకోనివ్వడం లేదని లోపల పెట్టి గడియ వేసింది. పెళ్లి కావాల్సిన పిల్ల. మీ అమ్మకు ఉన్నది ఒక్కతే చెల్లెలు. కొడుకు పోయాడు, చెల్లెలు జైలుకెళితే మీ అమ్మ బతికేది కాదు. ఆ పూట తలుపు బయట మీ అమ్మ గొంతు విన్నానని చిన్నప్పుడు చెప్పేదానివే, అది మీ అమ్మ గొంతు కాదు. పిన్నిది. ఇద్దరి గొంతులూ ఒకేలా ఉండేవి." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పిల్లకు బతుకు ఇచ్చాను. అది ఆ మేలు మరిచి, కొడుకుచేత నా మీద సినిమా తీయిస్తోంది, పేపర్లో ఆ కథ చదవగానే తెలిసింది. నీకు చెప్పింది వాడే కదా? తల్లి చేసిన పని దాచుకోవడానికి, నీకు నా మీద అనుమానం పుట్టించాడు."

ఆయన చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా తడబడలేదు. పొద్దున డైరెక్టర్ చెప్పినప్పుడు అదే నిజమనిపించింది. ఇప్పుడు ఇదీ నిజంలాగే ఉంది. ఎవరికి వాళ్లు తమ ముక్క అందంగా కత్తిరించుకుని, మిగిలింది ఆమె మీద పారేస్తున్నారు.

ఫోన్ తీసింది. డైరెక్టర్ పంపిన నంబరు పైనే ఉంది.

"ఎవరికి?" అన్నాడు తండ్రి.

"కథలు నాకు వద్దు. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు చెప్పండి." స్పీకర్ నొక్కి ఫోన్ ఇస్త్రీ బల్ల మీద పెట్టింది.

అవతల వెంటనే ఎత్తారు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టు. "ఎవరు?" అంది ఒక ఆడగొంతు. అది అచ్చంగా గొంతమ్మ గొంతే, కాకపోతే ముసలిది.

"నేను పిన్నీ. నాన్న ఎదురుగానే ఉన్నాడు. మొత్తం వింటున్నాడు. గడియ నువ్వే పెట్టావంటున్నాడు. అవునా?"

అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. తండ్రి కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

"అవును తల్లీ," అంది పిన్ని. "నేనే పెట్టాను. కాసేపే అనుకున్నాను. ఈ మాట నా కొడుక్కి చెప్పుకోలేక, మీ అమ్మ మీద ఒకసారి, మీ నాన్న మీద ఒకసారి చెప్పాను. నీ మీద మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పలేదనుకుని తృప్తిపడ్డాను కానీ, నీ మీద పడనిచ్చి పారిపోయాను. నువ్వు ఏమన్నా పడతాను."

"విన్నావా?" తండ్రి గట్టిగా ఊపిరి వదిలాడు. "ఒప్పుకుంది. ఇక ఫోన్ పెట్టెయ్."

"పెట్టొద్దు," అంది పిన్ని. ఇప్పుడా గొంతులో ఏడుపు లేదు. "బావా, గడియ పెట్టింది ఎవరో చెప్పావు. తీసింది ఎవరో చెప్పావా దానికి?"

తండ్రి చెయ్యి ఫోన్ మీదికి వచ్చింది. గొంతమ్మ అంతకంటే ముందు దాన్ని అందుకుని గుండెలకు అదుముకుంది.

"ఏంటి పిన్నీ నువ్వనేది?"

"తలుపు తీసింది మీ నాన్న. నేను మెట్ల మీద నిలబడి చూశాను. వాణ్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. వాడు ఎగపోస్తూనే ఉన్నాడు తల్లీ. వాడి చెయ్యి మీ నాన్న చొక్కా కాలరు పట్టుకుని ఉంది. వాణ్ని అలాగే ఇంటి ముందున్న మందుల షాపులోకి తీసుకెళ్లాడు. హమ్మయ్య, మందులన్నీ అక్కడే ఉన్నాయి, బతికిపోయాడనుకున్నాను." ఆమె ఆగింది. "అడుగు మీ నాన్నను. లోపలికి వెళ్లగానే షాపు షట్టరు ఎందుకు దించేశాడో అడుగు."